ఎర్ర గీత లేని పేజీ

(పదిహేడో వారం)

కనకలక్ష్మిని మనం పోయినసారి ఆమె ఛాంబర్లో, ఒక ఖాకీ కవరు ముందు కూర్చోబెట్టి వచ్చేశాం. ఆ కవరు ఇంకా ఆమె ముందే ఉంది.

రెండో శనివారం. కోర్టుకు సెలవు. పేరుకుపోయిన ఫైళ్ళు కొన్నయినా చూద్దామని సికింద్రాబాద్ అడిషనల్ సెషన్స్ జడ్జి కనకలక్ష్మి ఒక్కతే వచ్చింది. అటెండర్ ఖలీల్ టీతో పాటు ఆ కవరు తెచ్చి బల్ల మీద పెట్టాడు. పంపినవాళ్ళ పేరు లేదు. లోపల ఒకే ఒక్క జిరాక్సు కాగితం. మూడేళ్ళ కిందట, పార్ట్‌నర్‌ని చంపాడన్న కేసులో, అస్లం అనే బీరువాల షాపు యజమానికి ఆమె యావజ్జీవం వేసింది. ఈ కాగితం ఆ తీర్పులోని ఆఖరి పేజీయే. నంబరు అదే, తేదీ అదే. కానీ ఇందులో అస్లం నిర్దోషి, వెంటనే విడుదల చేయాలి అని ఉంది. కింద కనకలక్ష్మి సంతకం. దొంగ సంతకమైతే ఆమెకు ఇంత చెమట పట్టేది కాదు. అది ఆమె చేత్తో ఆమె పెట్టిన సంతకమే.

కాగితం వెనక పెన్సిలుతో ఒక ప్రశ్న ఉంది. "సోమవారానికి కూడా రెండు రాశారా మేడం?"

"ఎవరిచ్చారు ఖలీల్ ఇది?"

"నాకేమెరుక మేడం. గేటుకాడ సెంట్రీ ఇచ్చిండు. ఎవడో హెల్మెట్ పెట్టుకున్నోడు ఇచ్చి పోయిండంట. మొఖం సుత చూపియ్యలేదంట." ఖలీల్ ఆమె మొహంలోకి చూశాడు. "ఏమన్న తక్లీఫా మేడం? చాయ్ సల్లగైంది. ఇంకోటి తెస్త."

"వద్దు. కారు తియ్యమని చెప్పు."

"మరి ఫైళ్ళు?"

"ఉండనీ."

"నేను పొద్దుగాల్నే అనుకున్న. సెలవునాడు వచ్చుడే తప్పు మేడం. కోర్టు సుత జెరసేపు పండుకోవాలె గద."

వేరే రోజైతే ఆమె నవ్వేది. ఇవాళ కవరు హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని, జిప్పు రెండుసార్లు లాగి చూసుకుని బయటికి నడిచింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. అది తెలిస్తే గానీ ఆ ప్రశ్న ఎందుకంత విషమో అర్థం కాదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, మెజిస్ట్రేటుగా ఉన్నప్పుడు, ఒక ఉదయం ఆమె ఇంకా బెంచి ఎక్కనేలేదు, ముద్దాయి తాలూకు చుట్టాలు వరండాలో మిఠాయి పంచేశారు. తీర్పు ఆమె నోట్లోనే ఉంది, మైసూర్‌పాక్ మాత్రం అందరి నోళ్ళలో ఉంది. ఆఖరి పేజీ మీద ఆమె సంతకం చూసిన గుమాస్తా ఒకడు ముందే చెప్పేశాడని తర్వాత తేలింది. ఆ రోజు ఆమె సిగ్గుతో అన్నం తినలేదు. ట్రైనింగులో ఒక పెద్ద జడ్జిగారు చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. "తేలని కేసు వస్తే రెండు ముగింపులూ రాయమ్మా. ఏది రాస్తున్నప్పుడు చెయ్యి బరువెక్కుతుందో గమనించుకో. అది నీది కాదు." కనకలక్ష్మి ఆ పద్ధతి పట్టుకుంది. దానికి తన సొంత జాగ్రత్త ఒకటి కలిపింది. రెండు ముగింపులూ ఇంట్లోనే టైపు చేసి, రెంటి కిందా ముందే సంతకం పెట్టేస్తుంది. ఇక సంతకం చూసి తీర్పు పసిగట్టడం ఎవరి తరమూ కాదు. తీర్పు రోజు పొద్దున్న ఒకటి తీసుకుని కోర్టుకు వెళుతుంది. రెండోదాని మీద మూల నుంచి మూలకు ఎర్ర పెన్సిలుతో గీత గీసి, తండ్రి చేతిలో పెడుతుంది. ఆయన దాన్ని పెరట్లో నీళ్ళ బాయిలర్లో వేసి కాల్చేస్తాడు.

పదిహేడేళ్ళుగా ఇదే. జాగ్రత్త అనుకుని చేసింది. జాగ్రత్తలోనే గొయ్యి ఉందని ఇవాళ్టిదాకా తట్టలేదు.

సోమవారం తీర్పు పీరా హత్య కేసులో. పీరా బొల్లారంలో ఉండే రిటైర్డు మీటర్ రీడర్. చెరువు మట్టి టిప్పర్లలో తరలిపోతోందని కాగితం తర్వాత కాగితం పెట్టాడు. ఒకనాటి సాయంత్రం ఆ టిప్పర్లలోనే ఒకటి ఆయన మీదుగా వెళ్ళిపోయింది. ముద్దాయి కాంట్రాక్టర్ పద్మనాభం. ఆ కేసులో కూడా ఆమె రెండు ముగింపులు రాసింది. విడుదల అని రాస్తున్నప్పుడు ఆమె చెయ్యి రాయిలా బరువెక్కింది. రెండూ సంతకాలతో సహా ఇంట్లో సొరుగులో ఉన్నాయి.

నేరేడ్‌మెట్ సిగ్నల్ దగ్గర కారు ఆగింది. పక్కన బండి మీద హెల్మెట్ పెట్టుకున్నవాడెవడో ఇటు తిరిగాడు. కనకలక్ష్మి అప్రయత్నంగా బ్యాగును ఒళ్ళోకి లాక్కుంది. రెండు ముగింపుల సంగతి ప్రపంచంలో ఇద్దరికే తెలుసు. ఒకరు తను. రెండోవాడు రమణయ్య, తన కన్నతండ్రి.

*

రమణయ్య బొబ్బిలి దగ్గరి పల్లె నుంచి వయసులో ఉండగా పట్నం వచ్చి, ముప్పై నాలుగేళ్ళు కోర్టు అటెండరుగా చేశాడు. ఏడో తరగతి చదువు. పేర్లు పిలవడం ఆయన పని. వరండాలో నిలబడి ముద్దాయి పేరు మూడుసార్లు పిలిచేవాడు. మూడో పిలుపుకి పలక్కపోతే లోపల జడ్జిగారు వారంటు రాసేవారు. ఆయన గొంతు మార్కెట్టు దాకా వినపడేదని చెప్పుకునేవాళ్ళు. ఆయన రిటైరైన ఏడాదే కూతురు మెజిస్ట్రేటు అయింది.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. సైనిక్‌పురిలో వాళ్ళది చిన్న ఇల్లు. ముందు గది కనకలక్ష్మి ఆఫీసు గది. ఆమె అందులో కూర్చుని ఉంటే రమణయ్య గడప దాటడు. పిలిస్తే గుమ్మం బయట నిలబడి "మేడమ్" అంటాడు. వంటింట్లో మాత్రం "కనకం"! ఎన్నిసార్లు చెప్పినా మానలేదు. "కుర్చీకి నాను మర్యాద ఇస్తన్నాను గానీ నీకు కాదే" అని నవ్వేస్తాడు.

ఆమె వచ్చేసరికి ఆయన పెరట్లో బాయిలర్ పక్కన కూర్చుని కొబ్బరి పీచు విడదీస్తున్నాడు. సాయంత్రం నాలుగు కావస్తోంది.

"నాన్నా, ఒకసారి ముందు గదిలోకి రా."

చేతులు దులుపుకుని వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. "మేడమ్."

ఆమె నవ్వలేదు. "నేను ఎర్ర గీత గీసి ఇచ్చే కాగితాలు ఏం చేస్తున్నావు?"

"ఏం సేస్తానమ్మా? కాల్చీస్తన్నాను గదేటి."

చెప్పాడు గానీ చూపు గచ్చు మీదికి దిగిపోయింది. అబద్ధం చెప్పే సాక్షులు ఎక్కడ చూస్తారో పద్దెనిమిదేళ్ళుగా చూస్తోంది కనకలక్ష్మి. తన తండ్రి కూడా అక్కడే చూస్తాడని మాత్రం అనుకోలేదు.

"నాన్నా, ప్రమాణం చేయించమంటావా?"

రమణయ్య తల అడ్డంగా ఊపాడు. "నేదమ్మా. కాల్చనేదు."

"ఏది? అస్లం కేసుదా?"

"ఏదీ కాల్చనేదు."

ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. అప్పీలుకు వెళ్ళిన కేసులు, జైలుకు వెళ్ళినవాళ్ళు, బయటికి నడిచినవాళ్ళు ఒక్కసారిగా ఆమె కళ్ళ ముందు బారులు తీరారు. రెండుగా రాసిన ప్రతి తీర్పుకూ ఎదురు తీర్పు ఒకటి, తన సంతకంతో, ఎక్కడో బతికే ఉంది.

"తీసుకురా," అంది.

మంచం కింద నుంచి రేకు పెట్టె ఈడ్చుకొచ్చాడు. గడప దగ్గర ఆగిపోయాడు.

"లోపలికి రా నాన్నా. ఇవాళ కుర్చీ లేదు, మర్యాదా లేదు."

పెట్టెలో అడుగున వేపాకు, పైన పాత గుడ్డ, ఆ గుడ్డ మధ్య కాగితాలు. ఒక్కటి మడత పడలేదు. నలభై ఒకటి. ప్రతిదాని మీదా మూల నుంచి మూలకు ఎర్ర గీత.

"ఎందుకు చేశావు?" ఆమె గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే రమణయ్యకు కొంచెం తేలికగా ఉండేది. "నీకు అర్థమవుతోందా ఇవి ఎవరి చేతిలోనైనా పడితే ఏమవుతుందో? నాకు తీర్పు చెప్పడం రాదని కాదు, అమ్ముకున్నానంటారు."

"సంతకం ఉన్న కాయితం మంటలో ఎయ్యలేనమ్మా."

"అదేం మాట?"

"సెప్పనేదు నీకు. సెప్పుకునేది కాదు." పెట్టె అంచు పట్టుకుని గచ్చు మీదే కూలబడ్డాడు. "ఎనభై ఆరు. నువ్వప్పుడే బడికెల్తన్నావు. సాయంత్రం బుట్టలో సిత్తుకాయితాలు కాల్చడం నా పని. ఒకనాడు బుట్టలోకి ఒక బెయిలు ఆర్డరు జారిపోనాది. జడ్జిగారి సంతకం ఉంది దాని మీద. నాను సూడనేదు. సూసినా ఇంగిలీసు నాకేటి తెలుస్తాది? కాల్చీసినాను. ఆ మనిసి ఇంకో పంతొమ్మిది రోజులు జైల్లో ఉండిపోనాడు. ఆర్డరు వచ్చిందని ఆడికీ తెలీదు, జైలుకి సేరనేదని కోర్టోళ్ళకీ తెలీదు. ఆడు బయటికొచ్చేతలికి ఆడి పిల్ల సచ్చిపోనాది. జొరం. ఆసుపత్రికి తీసుకెల్లే మగదిక్కు నేక."

కనకలక్ష్మి ముందుకు వంగింది.

"తరవాత వాయిదాకి ఆడి పేరు పిలవాల. నానే పిలవాల గదా. మొదటి పిలుపుకే వొచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. నా మొకం కేసి సూసి దణ్ణం ఎట్టాడమ్మా. ఆడికి తెలీదు." రమణయ్య కండువాతో మొహం తుడుచుకున్నాడు. "ఆ రోజునుంచి సంతకం కనపడితే నా సెయ్యి పొయ్యి కాడికి ఎల్లదు. అందులోనీ నీ సంతకం. నా కూతురు సంతకం. నానెలాగ కాల్చీగలను?"

"నాతో ఒక్క మాట చెప్పి ఉంటే నేనే కాల్చేదాన్ని కదా నాన్నా."

"నువ్వు కాల్చీస్తావనే సెప్పనేదు."

కోపం ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు. బ్యాగులోంచి జిరాక్సు తీసి పెట్టెలోని అస్లం పేజీ కోసం వెతికింది. పైనుంచి ఎనిమిదోది. తీసి పక్కన పెట్టింది. అసలు ఇక్కడే ఉంది. అంటే ఎవడో ఈ పెట్టె తెరిచి, జిరాక్సు తీయించి, మళ్ళీ సర్దిపెట్టాడు.

"దీన్ని ఎవరికి చూపించావు?"

"దేవుడి మీద ఒట్టు. ఎవరికీ నేదు." పెట్టెలో గుడ్డ సరిచేశాడు. "ఇంటికి రంగులు ఏయించినప్పుడు అల్లుడుబాబు ఒకపాలి సూసేడు. పెట్టె జరపబోయి మూత తీసేడు."

"సూర్యా? ఏమన్నాడు?"

"ఏటీ అననేదు. నవ్వేడు. మంచి పని సేసేరు మావయ్యా, జాగర్తగా దాచండి అన్నాడు. పెళ్ళికూతురు సొమ్ముల్లాగ సూసుకోండి అన్నాడు. నీకు సెప్పొద్దన్నాను. అలాగే అన్నాడు. మాట మీద నిలబడ్డాడు మరి."

పదహారేళ్ళ కాపురంలో సూర్య ఆమెను కేసుల గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. ఇన్సూరెన్సు కంపెనీలో క్లెయిములు చూస్తాడు. వకీళ్ళు చాలామంది తెలుసు, అయినా ఒక్కర్నీ ఇంటికి రానివ్వడు. జడ్జి మొగుడంటే ఇలా ఉండాలని తోటి జడ్జీలు కూడా అనేవాళ్ళు.

ఆమె రెండు కాగితాలనూ మళ్ళీ చూసింది. అప్పుడే కంట్లో పడింది. ఇంతసేపూ కళ్ళ ముందున్నదే.

అసలు మీద ఎర్ర గీత ఉంది. జిరాక్సు మీద లేదు.

"ఎర్ర రంగు జిరాక్సులో పడదేమోనమ్మా," అన్నాడు రమణయ్య, ఆమె చూపు ఎటుందో గమనించి.

కనకలక్ష్మి లేచి, మూలనున్న ప్రింటరు మూత తీసి, అస్లం పేజీని బోర్లించి కాపీ తీసింది. వేడివేడిగా బయటికి వచ్చిన కాగితం మీద గీత నల్లగా, లావుగా, అక్షరాల మీదుగా వెళ్ళింది.

"నీ పెట్టెలోంచి పోలేదు నాన్నా."

"ఏటి?"

"ఈ గీత నేను గీసింది తీర్పు రోజు పొద్దున్న. ఆ తర్వాతే నీ చేతికిచ్చాను. ఈ జిరాక్సు అంతకుముందే తీశారు. అంటే తీర్పు చెప్పకముందే." ఆమె చూపు తన బల్ల సొరుగు మీదికి వెళ్ళింది. "దీంట్లోంచి."

ముసలాయన మొహంలో ఒక్క క్షణం వెలుగు వచ్చింది. వెంటనే ఆరిపోయింది. తన నెత్తిన లేని తప్పు ఇంకెవరి నెత్తిన ఉందో ఆయనకూ అప్పుడే తట్టింది.

కనకలక్ష్మికి మాత్రం ఇంకో గొంతు వినపడుతోంది. మూడేళ్ళ కిందటి గొంతు. యావజ్జీవం అని తను చదవగానే అస్లం భార్య జన్నత్ జనంలోంచి ముందుకు దూకింది. "సంతకం పెట్టినంక మల్ల ఎట్ల మారుస్తరు మేడం? నేను చూసిన! నా కండ్లతోని చూసిన! నిన్ననే చూసిన!" కానిస్టేబుళ్ళు రెక్క పట్టుకుని బయటికి ఈడ్చుకెళ్ళారు. ఏడుపులో మతి పోయిందనుకుంది తను. మంచినీళ్ళు ఇవ్వండి అని కూడా చెప్పింది.

జన్నత్‌కి మతి పోలేదు. ముందు రోజు ఎవడో ఆమె దగ్గరికి వెళ్ళి ఈ పేజీ చూపించాడు. ఇదిగో, జడ్జిగారు విడుదల చేస్తానని సంతకం కూడా పెట్టేశారు, ఇక డబ్బు సంగతి మీరు చూసుకోండి, అన్నాడు. తీర్పు ఇటు పడితే కొన్నామనుకుంటారు. అటు పడితే అమ్మి మోసం చేసిందనుకుంటారు. కనకలక్ష్మి నిద్ర మానుకుని, మనస్సాక్షి ఎదుట నిలబడి రాసిన తీర్పులు కూడా ఆ ఇళ్ళల్లో బజారు సరుకే. మూడేళ్ళుగా జన్నత్ తన పేరు తలుచుకుని ఏమని తిడుతోందో! జైల్లో అస్లం ఏమనుకుంటున్నాడో!

"నాన్నా, ఈ సొరుగుకి తాళాలు రెండు కదా."

"రెండోది అల్లుడుబాబు కాప్రా చెరువు కాడ వాకింగులో పారీసుకున్నాడు గదమ్మా. ఎంత బాధపడ్డాడు! నువ్వే ఊరడించావు."

"ఊరడించాను," అంది.

"ఇంకోటి..." రమణయ్య నీళ్ళు నమిలాడు. "జడ్జిమెంటుకి ముందర ఈ గది ఆడే తుడుస్తాడు. నువ్వు ఆకుకూరలకో గుడికో ఎల్లినప్పుడు. పనమ్మాయిని రానివ్వడు. కాన్ఫిడెన్షలు, బైటోళ్ళు సెయ్యెట్టకూడదంటాడు. పెళ్ళాం గది తుడిసే మొగుడు ఎక్కడుంటాడని నానే పొంగిపోనాను."

ఆమె బ్యాగులోంచి తాళంచెవి తీసి సొరుగు తెరిచింది. ఆ సొరుగు కొంచెం బిగుసుకుని, సగంలో కిర్రుమంటుంది. సోమవారం పేజీలు రెండూ ఉన్నాయి. పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. పైన విడుదల, కింద శిక్ష. రెంటికీ కలిపి ఒక గుండుసూది.

ఊపిరి పీల్చుకోబోయి ఆగిపోయింది.

గుండుసూది ఒక్కసారే గుచ్చింది తను. ఒకసారి గుచ్చితే కాగితానికి రెండు చిల్లులు పడతాయి. పేజీని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. ఒకటి, రెండు. వాటి పక్కనే, వెంట్రుకవాసి ఎడంగా, మూడు, నాలుగు.

"వెళ్ళిపోయింది నాన్నా," అంది నెమ్మదిగా. "ఈపాటికి పద్మనాభం నా సంతకం చూసుకుని మురుస్తూ ఉంటాడు."

*

ఆమె ఏడవలేదు. తెల్లకాగితం తీసుకుంది. ప్రిన్సిపల్ జిల్లా జడ్జిగారికి అని మొదలుపెట్టి, ఆఫీసు ఉత్తరం రాసినట్టే రాసింది. పీరా హత్య కేసును తన కోర్టు నుంచి తప్పించమని అడిగింది. రెండు ముగింపుల మీదా ముందే సంతకం పెట్టడం తన తప్పేనని ఒప్పుకుంది. అస్లం కేసుతో సహా నలభై రెండు కేసుల్లో విచారణ జరిపించమని కోరింది. చివర్లో "ఈ పేజీలను బయటికి చేర్చినవారు" అని రాసి, అక్కడ ఖాళీ వదిలింది.

రమణయ్యకు ఇంగ్లీషు రాదు. కానీ కూతురు ఏం రాస్తోందో తెలిసింది.

"ఉజ్జోగం పోద్దేమోనమ్మా."

"పోవచ్చు."

"నాను పిలిసిన పిలుపులన్నీ నువ్వు ఆ కుర్చీ ఎక్కడానికే అనుకున్నానే కనకం."

ఆఫీసు గదిలో ఆయన ఆమెను ఆ పేరుతో పిలవడం అదే మొదటిసారి. ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. "జన్నత్ పేరు ఎవరు పిలుస్తారు నాన్నా? ఆ మనిషి మూడేళ్ళుగా వరండాలోనే నిలబడి ఉంది."

బయట గేటు చప్పుడైంది. స్కూటరు లోపలికి వచ్చింది.

ఆమె గబగబా లేచింది. సోమవారం పేజీలు బ్యాగులో వేసుకుంది. ఉత్తరాన్ని సొరుగులో పెట్టి, దాని పక్కన, చదివినవాడే ఆ ఖాళీ పూరించాలన్నట్టు, మూత తీసిన పెన్ను ఒకటి పెట్టి తాళం వేసింది. తాళంచెవి పిడికిట్లో బిగించుకుంది. ఆమె ఆలోచన సూటిగానే ఉంది. రెండో తాళంచెవి నిజంగా చెరువు దగ్గరే పోయి ఉంటే ఆ ఉత్తరం ఎవరి కంటా పడదు. పడిందంటే, ఆ ఖాళీలో ఎవరి పేరు రాయాలో తేలిపోతుంది. రేకు పెట్టెను బయటికి మోసే టైము లేదు. రమణయ్య దాన్ని బల్ల కిందికి తోసి పైన గుడ్డ కప్పాడు.

సూర్య ఉస్మానియా బిస్కెట్ల పొట్లంతో లోపలికి వచ్చాడు. తెల్లచొక్కా, నలగని మొహం.

"కనకం! తొందరగా వచ్చేశావే. ఒంట్లో బాగాలేదా? మావయ్యా, మీకు ఇష్టమని వేడివి పట్టించుకొచ్చాను."

"తలనొప్పి," అంది ఆమె.

"సెలవు రోజున పని చేస్తే తలనొప్పి రాక జీతం పెరుగుతుందా? వెళ్ళి కాసేపు నడుం వాల్చు. ఎల్లుండి జడ్జిమెంటు కదా, గది నేను దులిపేస్తాలే. ఎంత దుమ్ముందో చూడు."

"ఎల్లుండి అని నీకెవరు చెప్పారు?"

"ఏ కేసు ఏ రోజో కాజ్ లిస్టు వెబ్‌సైట్లో పెడతారుగా." నవ్వాడు. ఆ నవ్వులో ఎక్కడా బెరుకు లేదు. "జడ్జిగారి మొగుణ్ణి. ఆ మాత్రం చూసుకోకపోతే ఎలా?"

"సరే. దులుపు."

ఆమె తండ్రిని చెయ్యి పట్టుకుని హాల్లోకి తీసుకెళ్ళి సోఫాలో కూర్చోబెట్టింది. పక్కనే తనూ కూర్చుంది. బిస్కెట్ల పొట్లం ఇద్దరి మధ్యా ఉంది. ఎవరూ విప్పలేదు. లోపల గుడ్డతో కొడుతున్న చప్పుడు. కుర్చీ జరిగింది. కిటికీ రెక్క వేసిన చప్పుడు. సూర్య ఏదో కూనిరాగం తీస్తున్నాడు.

తర్వాత రాగం ఆగింది.

తర్వాత, సగంలో, సన్నగా, కిర్రుమంది.

కనకలక్ష్మి కళ్ళు మూసుకుంది. ఆమె పిడికిట్లోని తాళంచెవి అరచేతిలో గుచ్చుకుంటోంది. ఎన్నో వందల మందికి ఆమె తీర్పు చెప్పింది. ఇంటి మనిషికి చెప్పడం ఇదే మొదలు. లేచి గది తలుపు దగ్గరికి వెళ్ళేలోపే లోపల గడియ పడింది.

"సూర్యా! తలుపు తియ్యి."

"ఒక్క నిమిషం కనకం. దుమ్ము హాల్లోకి వస్తుంది." గొంతు మామూలుగానే ఉంది. అన్నం తిన్నావా అని అడిగే గొంతు. "నువ్వు పడుకో అన్నానుగా."

ఆ తర్వాత ఏదో రేకు మూత తెరిచిన మోత.

ముందుగా పసిగట్టింది రమణయ్య. ముప్పై నాలుగేళ్ళు ప్రతి సాయంత్రం పీల్చిన వాసన అది. మోకాళ్ళ నొప్పి సంగతి మరిచిపోయి దిగ్గున లేచాడు.

"కాయితం," అన్నాడు. "ఒకటి కాదమ్మా. కట్ట."

ఎర్ర గీతలున్న అసలు కాగితాలు! జిరాక్సులు సొరుగులోంచి వెళ్ళాయని చూపించడానికి ఈ భూమ్మీద ఉన్న సాక్ష్యం అదొక్కటే. ఆ పెట్టె ఆ గదిలో వదిలి తనే అతన్ని లోపలికి పంపింది. కనకలక్ష్మి రెండు చేతులా తలుపు బాదింది. గడప కింద నుంచి సన్నటి పొగ పాకుతూ వచ్చి ఆమె పాదాలు తాకింది.

రమణయ్య ఆమెను పక్కకు జరిపాడు. ఆయన ఎడమ చేతిలో ఒక కాగితం ఉంది. ప్రింటరు మీద నుంచి తీసి, పెట్టెలో వేయడం మరిచిపోయిన అస్లం అసలు పేజీ, ఎర్ర గీతతో సహా. దాన్ని గుండెకు అదుముకుని, ఎప్పుడూ నిలబడే చోటే, గుమ్మం బయట, నిటారుగా నిలబడ్డాడు. పద్దెనిమిదేళ్ళుగా ఎత్తని గొంతు ఎత్తాడు.

"సూర్యా...!"

వీధిలో వెళుతున్న కూరగాయల బండి ఆగిపోయింది.

"సూర్యా...!"

లోపల మంట చిటపటమంది.

"సూర్యా...!"

మూడు పిలుపులూ అయ్యాయి. లోపలి నుంచి ఎవరూ పలకలేదు.